కమ్మరులు యుద్ధానికి పోలేదు కాబట్టే స్మిత్‌లు ఎక్కువయ్యారా?

ఇంగ్లిష్ ఇంటిపేర్లలో స్మిత్‌ది మొదటి స్థానం. ఎందుకని వెతికితే ఇంటర్నెట్‌లో ఒక కథ దొరుకుతుంది. పోస్టుగా, మీమ్‌గా, చిన్న వీడియోగా షేర్ అవుతూ మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చిన ఆ కథ క్లుప్తంగా ఇది.

"పూర్వం ఇంగ్లండ్‌లో యుద్ధం వస్తే ఊళ్లో మగవాళ్లందరినీ పట్టుకుపోయేవారు. కత్తులు, బాణాలు చేసే కమ్మరిని మాత్రం ఊళ్లోనే ఉంచేవారు. పోయినవాళ్లు చచ్చిపోయారు, కమ్మరి బతికి పిల్లల్ని కన్నాడు. అందుకే ఇవాళ ఎక్కడ చూసినా స్మిత్‌లే. వాళ్లంతా ఆ కమ్మరుల రక్తమే. స్మిత్ అంటే కొట్టేవాడు అని అర్థం. ప్రపంచంలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే."

దీనికి కొన్ని తోకలు కూడా తగులుతుంటాయి. అమెరికాకు వలస వచ్చినవాళ్ల పేర్లను ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రం అధికారులు స్మిత్ అని మార్చి రాశారని, స్మిత్ వంశానికి ఒక వంశ చిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉందని.

ఇందులో నిజం ఒక్కటే. స్మిత్ అనేది వృత్తిని బట్టి వచ్చిన పేరు. మిగతాది దాదాపు అంతా తప్పు. ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు జవాబు ఎందుకంటే, ఆ పేరు వెనక వేల ఊళ్లలో కొలిమి ముందు నిలబడి పనిచేసిన మనుషులున్నారు. చట్టానికి భయపడి పేరు మార్చుకున్న ఐరిష్ రైతులున్నారు. బానిసత్వం నుంచి బయటపడి తొలిసారి కాగితం మీద ఇంటిపేరు రాయించుకున్న నల్లజాతి కుటుంబాలున్నాయి. ఈ కథ వాళ్లందరినీ చెరిపేసి, "యుద్ధం తప్పించుకున్నవాడి సంతానం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

ముందు యుద్ధం సంగతి చూద్దాం. కమ్మరిని ఇంటి దగ్గర ఉండమని చెప్పిన చట్టం ఏదని అడిగితే ఈ కథ చెప్పేవాళ్లు చూపించలేరు. చట్టాల్లో రాసి ఉన్నది దానికి వ్యతిరేకంగా ఉంది. మొదటి ఎడ్వర్డ్ రాజు 1285లో వించెస్టర్ శాసనం చేశాడు. 15 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి మగవాడూ తన ఆస్తికి తగ్గట్టు ఆయుధాలు ఇంట్లో సిద్ధంగా పెట్టుకోవాలని అది చెప్పింది. కలిగినవాడు గుర్రం, కవచం పెట్టుకోవాలి. లేనివాడు కనీసం విల్లు, బాణాలైనా ఉంచుకోవాలి. ఎవరికి ఏ ఆయుధమో తేల్చేది ఆస్తి, వృత్తి కాదు.

పైగా కమ్మరి లేకుండా సైన్యం కదలదు. గుర్రాలకు లాడాలు ఊడిపోతాయి, బండి చక్రాల ఇనుప పట్టాలు విరుగుతాయి, కవచాల మేకులు రాలిపోతాయి. అందుకే రాజులు కమ్మరులను జీతమిచ్చి వెంట తీసుకెళ్లేవారు. మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్స్‌లోని కలే పట్టణాన్ని 1346, 1347ల్లో ముట్టడించినప్పటి జీతాల లెక్కల్లో తాపీవాళ్లు, వడ్రంగులతో పాటు కమ్మరులూ ఉన్నారు. యుద్ధం వస్తే మొదట కబురు వెళ్లే పనివాళ్లలో కమ్మరి ఒకడు.

ఈ కథలో ఇంకో ఊహ దాగి ఉంది. ఊళ్లకు ఊళ్లు యుద్ధాల్లో తుడిచిపెట్టుకుపోయాయని. అది జరగలేదు. క్రెసీ యుద్ధానికి ముందు 1346లో ఎడ్వర్డ్ ఫ్రాన్స్ తీరంలో దించిన సైన్యం 10 వేల నుంచి 15 వేల మంది ఉంటుందని చరిత్రకారుల అంచనా. ఆనాటి ఇంగ్లండ్ జనాభా 40 లక్షల నుంచి 60 లక్షల మధ్య. అంటే వెయ్యిమందికి ఇద్దరి నుంచి నలుగురు. ఆ యుద్ధంలో ఇంగ్లండ్ వైపు చనిపోయినవాళ్లు చాలా తక్కువ. 1415లో అజింకోర్ట్‌లోనూ అంతే. ఆ దండయాత్రలో ఐదో హెన్రీ సైన్యాన్ని పీల్చేసింది ఫ్రెంచి కత్తుల కంటే హార్‌ఫ్లర్ ముట్టడిలో పట్టుకున్న రక్త విరేచనాలు. మగవాళ్లలో చాలామంది చచ్చి కమ్మరులు మాత్రమే మిగిలేటంత చావు ఈ దండయాత్రల్లో ఎక్కడా కనిపించదు.

అంత భారీగా మనుషుల్ని తీసుకుపోయింది మరొకటి ఉంది. 1348 వేసవిలో ఇంగ్లండ్‌లోకి వచ్చిన ప్లేగు. ఏడాదిన్నరలో జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారు. 1361లో మళ్లీ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కు స్థిరపడుతున్న కాలం కూడా సరిగ్గా అదే. ఆ జబ్బు కమ్మరి ఇల్లని చూసి వదిలిపెట్టలేదు.

ఇక ఈ వాదాన్ని పూర్తిగా పడగొట్టే విషయం ఇంగ్లిష్ ఇంటిపేర్లలోనే ఉంది. యుద్ధానికి కావలసిన సరుకు ప్రత్యేకంగా చేసేవాళ్లకు వేరే పేర్లున్నాయి. బాణపు ములుకులు చేసేవాడు ఆరోస్మిత్. బాణం కట్టేవాడు ఫ్లెచర్. విల్లు చేసేవాడు బోయర్. కవచాలు చేసేవాడు ఆర్మర్. ఆయుధాల పనివాళ్లను కాపాడటం వల్లే పేర్లు పెరిగితే ఇవన్నీ ముందు వరసలో ఉండాలి. లేవు. ముందు వరసలో ఎవరున్నారో చూడండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన మరణాల నమోదు చూసే రిజిస్ట్రార్ జనరల్ 1853కు వేసిన అంచనా ఉంది. స్మిత్‌లు సుమారు 2,53,600 మంది. జోన్స్‌లు 2,42,100. తర్వాత విలియమ్స్, ఆ తర్వాత నాలుగో స్థానంలో టేలర్. టేలర్ అంటే దర్జీ. దర్జీలను యుద్ధానికి పంపలేదని ఎవరూ కథ చెప్పరు. జర్మనీలో మొదటి పేరు ముల్లర్, అంటే పిండి మర నడిపేవాడు. రెండోది ష్మిట్, అంటే కమ్మరి. మూడోది ష్నైడర్, మళ్లీ దర్జీ. నాలుగోది ఫిషర్, చేపలు పట్టేవాడు. వీళ్లందరికీ యుద్ధం నుంచి మినహాయింపు దొరికిందా?

మరి స్మిత్ ఎందుకు ఎక్కువ? దీనికి జవాబు ఊళ్లో ఉంది. రాజు భూముల లెక్క కోసం 1086లో తయారైన డూమ్స్‌డే పుస్తకంలో 13 వేలకు పైగా ఊళ్లు నమోదయ్యాయి. అన్నీ దాదాపుగా వ్యవసాయం మీద బతికే ఊళ్లే. నాగలికి కర్రు కావాలి, కోతకు కొడవలి కావాలి, తలుపుకు బందులు కావాలి, గుర్రానికి లాడం కావాలి. ఇవి చేసేవాడు ప్రతి ఊళ్లోనూ కాకపోయినా రెండు మూడు ఊళ్లకు ఒకడైనా ఉండి తీరాలి. ఉత్తర ఇంగ్లండ్‌లోని డరమ్ బిషప్ భూముల లెక్కల కోసం 1183లో రాయించిన బోల్డన్ పుస్తకంలో ఊరి కమ్మరి కనిపిస్తాడు. నాగళ్ల ఇనుప పని చేసిపెట్టినందుకు అతనికి కొంత భూమి వదిలిపెట్టారని అందులో రాసి ఉంది. మన ఊళ్లలో పంట చేతికొచ్చినప్పుడు కమ్మరికి, వడ్రంగికి కళ్లంలోనే మేర కొలిచి ఇచ్చే పద్ధతి తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. కొలిమి ఊరంతటికీ చెందిన వసతి. కమ్మరికి విలువ ఉందన్నంత వరకు ఆ ఫార్వర్డ్ చెప్పింది నిజమే. ఏడో శతాబ్దం చివర వెసెక్స్ రాజు ఐనీ చేసిన చట్టంలో, ఒక పెద్దమనిషి ఊరు మారితే తన వెంట తీసుకెళ్లదగినవాళ్లు ముగ్గురే అని ఉంది: భూముల పనులు చూసే పెత్తందారు, కమ్మరి, పిల్లల దాది. కానీ ఆ విలువ కర్రు వల్ల వచ్చింది, కత్తి వల్ల కాదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. ఊళ్లో అందరికంటే ఎక్కువమంది రైతులు కదా, ఫార్మర్ అనే ఇంటిపేరు అందరికంటే ఎక్కువ ఉండాలి కదా? ఇంటిపేరు పుట్టిన అవసరాన్ని గుర్తుపెట్టుకుంటే చిక్కు విడిపోతుంది. ఒక ఊళ్లో జాన్‌లు పదిమంది ఉంటారు. ఏ జాన్ అని తేల్చుకోవడానికి పక్కన ఒక గుర్తు పెడతారు. పదిమందిలో తొమ్మిదిమంది పొలం పనే చేస్తుంటే "రైతు జాన్" అని చెప్పి లాభం లేదు. "కమ్మరి జాన్" అంటే ఒక్కడే. ఊళ్లో ఒక్కడే ఉండటం, దేశంలో దాదాపు అన్నిచోట్లా ఉండటం, ఈ రెండూ కలిస్తేనే ఒక పేరు దేశమంతా పరుచుకుంటుంది. దర్జీ, పిండి మర యజమాని, రొట్టెలు చేసేవాడు, బండ్లు చేసే వడ్రంగి కూడా ఇలాంటివాళ్లే. అందుకే టేలర్, మిల్లర్, బేకర్, రైట్ అనే పేర్లు కూడా అంత విరివిగా ఉన్నాయి.

ఇలా పెట్టిన గుర్తు మొదట్లో మనిషితోనే పోయేది. డరమ్ ప్రాంతంలో 975 ప్రాంతాన ఎక్కెయార్డ్ స్మిత్ అని ఒకడి పేరు కనిపిస్తుంది. దాన్ని ఇంగ్లండ్‌లో మొదటి స్మిత్ కుటుంబమని చెబుతుంటారు. కాదు, అతను కమ్మరి, అంతే. అతని కొడుకు రొట్టెలు కాల్చుకుని బతికితే అతనికి ఇంకో గుర్తు వచ్చేది. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక, భూముల హక్కులూ పన్నుల లెక్కలూ కాగితాల మీదికి ఎక్కుతున్నకొద్దీ, తండ్రి గుర్తే కొడుక్కూ అంటుకుపోవడం మొదలైంది. ముందు భూస్వాములకు, తర్వాత మామూలు జనానికి. దక్షిణాన త్వరగా, ఉత్తరాన ఆలస్యంగా. 1400 నాటికి ఇంగ్లండ్‌లో చాలామందికి ఇంటిపేరు స్థిరపడింది. అక్కడి నుంచి స్మిత్ అనే ఇంటిపేరున్నవాడు చేపలు అమ్ముకున్నా స్మిత్తే.

స్థిరపడ్డాక పేర్లు ఎలా మిగులుతాయో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఫార్వర్డ్‌లోని "బతికినవాళ్ల పేరే మిగిలింది" అన్న మాటకు గణితంలో సరైన జవాబు ఉంది. ఇంటిపేరు కొడుకుల ద్వారా సాగుతుంది. కొడుకులు లేకపోయినా, పుట్టి పోయినా ఆ ఇంట్లో పేరు ఆగిపోతుంది. యుద్ధం అక్కర్లేదు, తెగులు అక్కర్లేదు, మామూలు కాలంలోనూ ఇది జరుగుతూనే ఉంటుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఈ ప్రశ్నను లెక్కగా అడిగాడు. హెన్రీ విలియమ్ వాట్సన్ అనే పాస్టర్ పరిష్కారం రాశాడు, 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. వాట్సన్ లెక్కలో ఒక తప్పు దొర్లింది గానీ, అసలు సంగతి నిలబడింది. ఒకే ఇంట్లో మొదలైన పేరు కొన్ని తరాల్లో అంతరించే అవకాశం చాలా ఎక్కువ. వందల ఊళ్లలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వేర్వేరు ఇళ్లలో మొదలైన పేరు మాత్రం పోదు. కొన్ని ఇళ్లలో ఆగుతుంది, కొన్నింట్లో పెరుగుతుంది, మొత్తం మీద నిలుస్తుంది. స్మిత్ అలా నిలిచింది. కమ్మరులు మిగతావాళ్లకంటే ఎక్కువకాలం బతకాల్సిన అవసరమే లేదు.

"వాళ్లంతా ఒకే రక్తం" అన్న మాటను డీఎన్ఏతోనే పరీక్షించారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కు వెళ్తుంది, ఇంగ్లిష్ ఇంటిపేరూ అలాగే వెళ్తుంది. కాబట్టి ఒకే పేరున్న మగవాళ్ల వై క్రోమోజోములు పోల్చి చూస్తే మూలపురుషుడు ఒకడా, అనేకులా అన్నది తెలుస్తుంది. 2000లో జన్యు శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన సొంత ఇంటిపేరుతోనే ఈ పని చేశాడు. సైక్స్ అనేది యార్క్‌షైర్ ప్రాంతానికి చెందిన, అంత ఎక్కువగా కనిపించని పేరు. పరీక్షించినవాళ్లలో దాదాపు 44 శాతం మందికి ఒకే రకం కనిపించింది. లెస్టర్ యూనివర్సిటీలో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ 2009లో 40 ఇంటిపేర్ల మీద, 1,678 మంది మగవాళ్లతో ఇంకా పెద్ద అధ్యయనం ప్రచురించారు. ఆటెన్‌బరో లాంటి అరుదైన పేరున్నవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది ఒకే తండ్రి వరసకు చెందినవాళ్లని తేలింది. పేరు ఎంత మామూలుదైతే ఆ బంధం అంత పలచబడింది. స్మిత్ లాంటి పేర్ల దగ్గరికి వచ్చేసరికి, ఆ పేరున్న ఇద్దరి మధ్య సంబంధం దారిన పోయే ఇద్దరి మధ్య ఉన్నంతే. స్మిత్ అనే పేరు ఒక వంశానిది కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

అర్థం సంగతి త్వరగా తేల్చవచ్చు. స్మిత్ అనేది స్మైట్, అంటే కొట్టు, అనే క్రియ నుంచి వచ్చిందని ఫార్వర్డ్ చెబుతుంది. రెండు మాటలూ పక్కపక్కన పెడితే చుట్టాల్లా కనిపిస్తాయి, కానీ కాదు. పాత ఇంగ్లిష్‌లో స్మైట్‌కు మూలమైన క్రియకు పూయడం, పులమడం అనే అర్థం. కొట్టడం అన్న అర్థం తర్వాత వచ్చింది. స్మిత్ అన్న మాట అంతకు ముందు నుంచే ఉంది. జర్మన్, డచ్, స్వీడిష్ భాషల్లోనూ దాని సోదర రూపాలు ఉన్నాయి. మొదట్లో దానికి చేతిపని తెలిసినవాడు, కళాకారుడు అనే విశాలమైన అర్థం. పాత నార్స్ భాషలో చెక్కపని చేసేవాణ్ని కూడా అదే మాటతో పిలిచేవారు. ఇంగ్లండ్‌లో క్రమంగా లోహపు పనికి పరిమితమైంది. అందుకే బంగారం పనివాడు గోల్డ్‌స్మిత్, ఇనుప పనివాడు బ్లాక్‌స్మిత్. కొందరు స్మిత్‌ల పూర్వీకులు కమ్మరులే కాకపోవచ్చు కూడా. కొలిమి పక్కన ఇల్లున్నవాడికి, కొలిమిలో కూలికి పనిచేసినవాడికి కూడా ఈ పేరు వచ్చేది.

స్మైత్ అని "వై" పెట్టి రాసుకునేవాళ్లది గొప్ప ఇంటి పేరని, మామూలు స్మిత్‌లది వేరని మరో మాట వినిపిస్తుంది. స్పెల్లింగులు స్థిరపడింది మొన్నమొన్న. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో ప్రతి చర్చిలో పెళ్లిళ్లు, జ్ఞానస్నానాలు, సమాధుల రిజిస్టర్లు మొదలయ్యాయి. అక్కడ రాసే గుమాస్తా చెవికి వినిపించినట్టు రాశాడు. ఒకే మనిషి ఒకచోట ఐతో, ఇంకోచోట వైతో కనిపిస్తాడు. షేక్‌స్పియర్ చేత్తో చేసిన సంతకాలుగా మిగిలినవి ఆరు, వాటిలోనే స్పెల్లింగు మారుతూ ఉంటుంది. స్పెల్లింగును బట్టి హోదా చెప్పలేం.

స్పెల్లింగు వల్ల మారేది వేరే ఒకటుంది, అది లెక్క. ఫ్రాన్స్‌లో కమ్మరి పేరు ప్రాంతాన్ని బట్టి లెఫెబ్ర్, లెఫెవ్ర్, ఫాబ్ర్, ఫోర్, బ్రిటనీలో లె గాఫ్ అని చీలిపోయింది. అందువల్ల ఒక్కో పేరూ జాబితాలో కిందికి దిగిపోయింది, అక్కడ మొదటి పేరు మార్టిన్. జర్మనీలో కూడా ష్మిట్, ష్మిడ్, ష్మిట్స్ అని విడివిడిగా లెక్కపెడతారు. ఇంగ్లండ్‌లో ఒకే భాష, ఒకే మాట. అందుకే మొత్తం ఒకే గంపలో పడింది. హంగరీలో కోవాచ్, పోలండ్‌లో కోవాల్‌స్కీ, రష్యాలో కుజ్నెత్సోవ్, అరబ్బు దేశాల్లో హద్దాద్, ఇటలీలో ఫెరారీ... అన్నీ కమ్మరి కొలిమి నుంచి వచ్చిన పేర్లే. ఆ దేశాలన్నీ ఒకే రాజు కింద ఒకే మినహాయింపు పొందలేదు. ఆ దేశాలన్నిటికీ ఇనుము మాత్రం కావలసి వచ్చింది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసే భాగానికి వస్తాను. ఇవాళ స్మిత్ అనే పేరున్నవాళ్లలో ఎంతోమంది పూర్వీకులు ఇంగ్లండ్ మట్టి తొక్కనివాళ్లు.

ఐర్లండ్‌తో మొదలుపెడదాం. 1465లో, నాలుగో ఎడ్వర్డ్ కాలంలో, డబ్లిన్ చుట్టుపక్కల ఇంగ్లిష్ పాలన ఉన్న ప్రాంతంలోని ఐరిష్ ప్రజలు ఇంగ్లిష్ ఇంటిపేర్లు పెట్టుకోవాలని చట్టం చేశారు. ఏ రకం పేర్లు పెట్టుకోవచ్చో కూడా ఆ చట్టమే ఉదాహరణలతో చెప్పింది. ఊరి పేరు పెట్టుకోవచ్చు. వైట్, బ్లాక్, బ్రౌన్ అని రంగు పేరు పెట్టుకోవచ్చు. స్మిత్, కార్పెంటర్ అని వృత్తి పేరు పెట్టుకోవచ్చు. కుక్, బట్లర్ అని ఉద్యోగం పేరు పెట్టుకోవచ్చు. స్మిత్ అన్న మాట చట్టంలోనే ఉంది. ఆ తర్వాతి కాలంలో కూడా, ముఖ్యంగా కావన్ కౌంటీలో, మాక్ గవన్ అనే గేలిక్ (ఐర్లండ్ సొంత భాష) పేరున్న కుటుంబాలు చాలా స్మిత్‌లుగా మారిపోయాయి. మాక్ గవన్ అంటే కమ్మరి కొడుకు అని. పాలకుల భాషలోకి మార్చి రాసుకున్నారు. వాళ్లకు ఇంగ్లండ్ కమ్మరితో రక్తసంబంధం లేదు.

అమెరికాలో జర్మన్ ష్మిట్‌లు స్మిత్‌లయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ పేరు వినిపిస్తేనే అనుమానంగా చూసిన రోజుల్లో ఇది ఇంకా పెరిగింది. బ్రిటన్‌లో రాజకుటుంబమే 1917లో తన జర్మన్ పేరు వదిలి విండ్సర్ అని పెట్టుకుంది. ఇక మామూలు ష్మిట్ కుటుంబం ఏం చేస్తుంది? ఈ లెక్కన చూస్తే యుద్ధం స్మిత్‌ల సంఖ్య పెంచిన మాట ఒక రకంగా నిజమే, కానీ ఫార్వర్డ్ చెప్పిన కారణంతో కాదు, ఆ కాలంలోనూ కాదు.

ఎల్లిస్ ఐలాండ్ కథ ఇక్కడే వస్తుంది. న్యూయార్క్ రేవులోని ఆ కేంద్రం 1892 నుంచి 1954 దాకా నడిచింది, సుమారు 1 కోటి 20 లక్షల మంది దాని గుండా వెళ్లారు. అక్కడి ఇన్‌స్పెక్టర్ వచ్చినవాడి నోటి నుంచి విని కొత్తగా పేరు రాసేవాడు కాదు. యూరప్ రేవులో ఎక్కేటప్పుడే ఓడ కంపెనీ ప్రయాణికుల జాబితా తయారు చేసేది, ఇన్‌స్పెక్టర్ దాన్ని ముందు పెట్టుకుని సరిచూసేవాడు. పక్కన దుబాసీలు ఉండేవాళ్లు. తర్వాత న్యూయార్క్ మేయర్ అయిన ఫియొరెల్లో లగార్డియా కుర్రతనంలో అక్కడ దుబాసీగా పనిచేసినవాడే. పేర్లు మారాయి, అది నిజం. కానీ చాలావరకు తర్వాత, ఉద్యోగం కోసం, దుకాణం బోర్డు కోసం, పిల్లలు బడిలో వెక్కిరింపులు పడకుండా ఉండటం కోసం, వాళ్లంతట వాళ్లే మార్చుకున్నారు. "ఆఫీసర్ మార్చేశాడు" అంటే ఆ కుటుంబం తీసుకున్న నిర్ణయాన్ని, దాని వెనక ఉన్న భయాన్ని, ఆశను వాళ్ల నుంచి లాగేసుకున్నట్టే. కొత్త దేశంలో పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ముందూ వెనకా అయిపోయి ఇబ్బంది పడే మన తెలుగువాళ్లకు ఈ సంగతి వేరేగా చెప్పనక్కర్లేదు.

అమెరికా 2010 జనగణనలో స్మిత్‌లు 24,42,977 మంది. వాళ్లలో సుమారు 23 శాతం మంది నల్లజాతివాళ్లు. ఫార్వర్డ్ చెప్పే "ఆ కమ్మరుల రక్తం" ఈ ఐదున్నర లక్షల మందికి ఎలా వర్తిస్తుంది? 1850, 1860 జనగణనల్లో బానిసలను ప్రత్యేక పట్టికల్లో రాశారు. యజమాని పేరు కింద వాళ్ల వయసు, ఆడో మగో, రంగు, అంతే. పేరు రాయలేదు. 1865లో బానిసత్వం రద్దయ్యాక, 1870 జనగణనలో తొలిసారి వాళ్లందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా నమోదయ్యాయి. వాళ్లంతా యజమాని పేరే పెట్టుకున్నారని అనుకోవడం కూడా తప్పే. కొందరు ఆఖరి యజమాని పేరు పెట్టుకున్నారు. కొందరు ఎప్పుడో తాతను అమ్మేసిన పాత యజమాని పేరు, విడిపోయిన బంధువులను మళ్లీ వెతుక్కోవడానికి పనికొస్తుందని, నిలుపుకున్నారు. కొందరు తామే ఎంచుకున్నారు. కొన్ని కుటుంబాలకు బానిసత్వంలో ఉండగానే యజమానికి తెలియని ఇంటిపేరు ఉండేది. ఏ కుటుంబానిది ఏ కథో ఆ కుటుంబం కాగితాలు చూస్తే తప్ప చెప్పలేం.

"ప్రపంచంలో మొదటి ఇంటిపేరు" అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. చైనాలో వాంగ్, లీ అనే పేర్లు ఒక్కొక్కటి సుమారు పది కోట్ల మందికి ఉన్నాయి. స్మిత్ మొదటి స్థానం ఇంగ్లండ్, స్కాట్లండ్, అమెరికా లాంటి ఇంగ్లిష్ మాట్లాడే దేశాలకే పరిమితం. పక్కనే ఉన్న వేల్స్‌లో కూడా కాదు, అక్కడ జోన్స్. ఐర్లండ్‌లో మర్ఫీ.

చివరిగా వంశ చిహ్నం. స్మిత్ వంశ చిహ్నమని చెప్పి కప్పుల మీద, ఫ్రేముల్లో, ఉంగరాల మీద ముద్రించి అమ్ముతుంటారు. ఇంగ్లండ్‌లో ఈ చిహ్నాలిచ్చే సంస్థ లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, 1484లో ఏర్పడింది. ఆ సంస్థ చిహ్నం ఇచ్చేది ఒక మనిషికి. అతని తర్వాత అది అతని మగ సంతానం వరసలో వెళ్తుంది. ఒక ఇంటిపేరుకంతటికీ కలిపి చిహ్నం అనేది ఉండదు. వేర్వేరు కాలాల్లో చిహ్నం పొందిన స్మిత్‌లు ఎందరో ఉన్నారు, వాళ్ల చిహ్నాలు వేర్వేరు. అమ్మకందారు వాటిలో ఒకటి ఎంచుకుని అందరికీ అంటగడతాడు.

ఆ కప్పుకు పెట్టే డబ్బుతో నిజంగా తన స్మిత్ ఎవరో తెలుసుకోవాలనుకునేవాళ్లకు దారి ఉంది. ఇవాళ్టి నుంచి వెనక్కి నడవాలి, పాతకాలం నుంచి ముందుకు కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జులై 1 నుంచి జనన, మరణ, వివాహ నమోదు ఉంది. 1841 నుంచి 1921 దాకా పదేళ్లకోసారి జరిగిన జనగణనల్లో పేర్లు చూడొచ్చు. అంతకు ముందుకు చర్చి రిజిస్టర్లు. స్మిత్ అని మాత్రమే వెతికితే వేలమంది వస్తారు. అందువల్ల తల్లి పుట్టింటి పేరు, ఊరు, వృత్తి, సాక్షి సంతకాలు పట్టుకుని వెళ్లాలి. ఐర్లండ్ కుటుంబమైతే మాక్ గవన్ అని కూడా వెతకాలి, అమెరికాలో జర్మన్ ప్రాంతమైతే ష్మిట్ అని. నల్లజాతి అమెరికన్ కుటుంబమైతే 1870 దగ్గర గోడ తగులుతుంది. అక్కడి నుంచి భూస్వాముల వీలునామాలు, అమ్మకం పత్రాలు, అమెరికా అంతర్యుద్ధం తర్వాత, విడుదలైన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో రాసిన కాగితాలు చూడాలి.

ఈ ఫార్వర్డ్ మళ్లీ మీ గ్రూపులో కనిపిస్తే రెండు ప్రశ్నలు అడగండి: కమ్మరిని యుద్ధం నుంచి తప్పించిన చట్టం ఏది? టేలర్లు ఎందుకు నాలుగో స్థానంలో ఉన్నారు?